ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

కోరుకున్న పట్టా దక్కలేదు. పర్మనెంట్ పోస్టూ రాలేదు. అయినా కండరం ఎలా పనిచేస్తుందో ప్రపంచం నేర్చుకున్న పాఠంలో భీమవరం కుర్రాడి పని ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని ఈసారి ల్యాబ్ బల్ల వైపు నుంచి చూద్దాం.

బస్సు కదిలిపోతోంది. మీరు పరిగెత్తి ఫుట్‌బోర్డు అందుకున్నారు. ఆ నాలుగైదు సెకన్లలో మీ తొడ కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? పొద్దున తిన్న ఇడ్లీ నుంచి అంటే సరిపోదు. తిండి అరిగి, చక్కెరగా మారి, ఆక్సిజన్‌తో కలిసి శక్తి ఇవ్వాలంటే టైమ్ పడుతుంది. కండరం అంతసేపు ఆగదు. దాని దగ్గర రెండు రెడీ నిల్వలు ఉంటాయి. ఒకటి ఏటీపీ. ఇది చేతిలో ఉన్న చిల్లర లాంటిది, కొన్ని సెకన్లలోనే ఖర్చయిపోతుంది. రెండోది ఫాస్ఫోక్రియేటిన్. చిల్లర తగ్గగానే చెయ్యి పెట్టి తీసే జేబు అనుకోండి. బైపీసీ చదివినవాళ్లకు ఈ రెండు పేర్లూ తెలుసు. ఎంపీసీ వాళ్లకు కనీసం జిమ్‌లో కనిపించే క్రియేటిన్ డబ్బా తెలుసు.

ఈ రెండింటినీ కండరంలో మొదట గుర్తించిన అతి కొద్దిమందిలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మామూలుగా ఆయన గురించి చెప్పేవాళ్లు మందుల జాబితాతో మొదలుపెడతారు. ఆ జాబితాకు చివర్లో వద్దాం. ముందు ఒక ప్రశ్న. సర్టిఫికెట్ బలం లేదు, జేబులో డబ్బు లేదు, దేశం కొత్త. అలాంటి మనిషి చెప్పిన ఫలితాన్ని సైన్స్ ప్రపంచం ఎందుకు నమ్మింది? రెజ్యూమె పట్టుకుని తిరుగుతున్న మీకు దీని జవాబు పనికొస్తుంది.

మూడో ప్రయత్నంలో మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. చదువు మీద ఆయనకు మొదట్లో పెద్దగా ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని ఆయన కథ చెప్పేవాళ్లంతా చెబుతారు. మెట్రిక్ మొదటిసారి పోయింది. రెండోసారీ పోయింది. మూడో ప్రయత్నంలో మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. బ్యాక్‌లాగ్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్లు ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోవచ్చు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, ఆ పైన మద్రాస్ మెడికల్ కాలేజీ. మధ్యలో సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరిపోవాలన్న ఆలోచన వస్తే తల్లి ఒప్పుకోలేదు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువుకు మామగారి సాయం దొరికింది.

అప్పుడే గాంధీజీ స్వదేశీ పిలుపు ఊపందుకుంది. సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్లారు. అది ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా కిందిదిగా చూసే ఎల్ఎంఎస్. ఆ సర్టిఫికెట్‌తో మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు సోకి, లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. తిన్న తిండి ఒంటికి పట్టక మనిషి ఎముకల గూడుగా మారిపోయే జబ్బది. దానికి మందేంటో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రాత్రి ఆసుపత్రి, పగలు క్లాసు

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. ప్రయాణానికి కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు డబ్బు సర్దారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు వచ్చింది కానీ స్కాలర్‌షిప్ రాలేదు. పూట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం కూడా ఆ పనిలో భాగమే. ఊళ్లో డాక్టర్‌గా పిలిపించుకోవలసిన మనిషి అక్కడ చేసిన ఉద్యోగం అది. అమెరికాలో ఎంఎస్ చేస్తూ గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో నిలబడిన మీ సీనియర్లు ఈ భాగం చదివితే కొత్తగా ఏమీ అనిపించదు.

డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. ఒట్టో ఫోలిన్ ఆ విభాగానికి పెద్ద. రక్తంలో, మూత్రంలో ఏ పదార్థం ఎంత ఉందో రంగును బట్టి చెప్పే పరీక్షలకు పేరున్న మనిషి. అక్కడ సైరస్ ఫిస్కె అనే శాస్త్రవేత్త దగ్గర సుబ్బారావుకు పని దొరికింది. ఇక్కణ్నుంచి అసలు కథ.

ముందు కొలబద్ద చేసుకున్నారు

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఒక సంగతి తెలుసు. మీటర్ తప్పుగా చూపిస్తే ఆ తర్వాత మీరు చేసే అనాలిసిస్ ఎంత గొప్పదైనా వృథా. అప్పట్లో జీవరసాయన శాస్త్రానికి ఉన్న సమస్య అదే. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తెలుసుకోవాలి. ఉన్న పద్ధతులు నెమ్మదిగా ఉండేవి, కాస్త తేడా వస్తే లెక్క తప్పేది.

ఫిస్కె, సుబ్బారావు కలిసి ఒక కొత్త పద్ధతి తయారుచేశారు. శాంపిల్‌లోని ప్రోటీన్లను తీసేసి, మిగిలిన ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే మాలిబ్డేట్‌తో జట్టు కడుతుంది. దానికి మరో రసాయనం చేరిస్తే నిమిషాల్లో నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డ్ పక్కన పెట్టి పోల్చితే లెక్క తేలిపోతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కలరీమీటర్ పట్టుకున్నారు కదా, అదే సూత్రం.

1925లో ఈ పద్ధతి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో నేటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. శాస్త్ర సాహిత్యంలో అత్యధికంగా ప్రస్తావించిన పేపర్లలో ఇదొకటి. మీరు చదివిందేంటో చూడండి. ఇది కొత్త మందు కాదు, కొత్త సిద్ధాంతం కూడా కాదు. ఒక కొలత మాత్రమే. కానీ ఎవరైనా తమ ల్యాబ్‌లో ఆ సీసాలు సర్దుకుని అదే పని చేసి చూడొచ్చు. ఫలితం వస్తే నమ్ముతారు, రాకపోతే వదిలేస్తారు. సుబ్బారావు ఏ ఊరివాడు, చేతిలో ఏ డిగ్రీ ఉంది అని ఆ నీలిరంగు అడగదు.

రంగు రావడానికి ఎందుకు ఆలస్యం?

పద్ధతి చేతికొచ్చింది. దాన్ని కండరం మీద పెట్టారు. పిల్లి కండరం నుంచి తీసిన ద్రావణంలో పరీక్ష చేస్తే ఒక చిక్కు ఎదురైంది. స్టాండర్డ్‌లో రంగు టైమ్‌కి వచ్చేస్తోంది. కండరం శాంపిల్‌లో మాత్రం నెమ్మదిగా మొదలై, సేపు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోతోంది.

ఇలాంటిది మన ల్యాబ్‌లో జరిగితే ఏం చేస్తాం? రీడింగ్ సరిగా రాలేదని కొట్టేసి, పక్క బ్యాచ్ వాళ్ల రికార్డు చూసి రాసేస్తాం. వాళ్లు అలా చేయలేదు. అప్పటికి తమ కొలత మీద తమకు గట్టి నమ్మకం ఉంది. పరీక్షలో తప్పు లేకపోతే తేడా కండరంలోనే ఉండాలి. అంటే ఆ ద్రావణంలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంది. ఆమ్లంలో పడ్డాక అది మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతోంది. రంగు ఆలస్యం కావడానికి కారణం అదే.

వెతికితే ఆ పదార్థం దొరికింది. క్రియేటిన్‌కు ఫాస్ఫేట్ అంటుకుని ఉన్న అణువు అది, ఫాస్ఫోక్రియేటిన్. అప్పటిదాకా కండరంలో విడి ఫాస్ఫేట్ అని అందరూ లెక్క రాసుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం నిజానికి ఇదే. కండరాన్ని విద్యుత్తుతో కదిలిస్తే ఇది తగ్గుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతోంది. 1927లో ఈ ఫలితం సైన్స్ పత్రికలో వచ్చింది. దాదాపు అదే సమయంలో లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఇలాంటి అస్థిర ఫాస్ఫేట్‌ను కండరంలో గుర్తించారు. రెండేళ్ల తర్వాత, 1929లో, ఏటీపీ బయటపడింది. ఒకపక్క జర్మనీలో కార్ల్ లోమన్, మరోపక్క హార్వర్డ్‌లో ఫిస్కె, సుబ్బారావు ఎవరికి వారుగా కండరంలో దాన్ని కనుగొన్నారు.

కానీ ఒక పదార్థం కండరంలో ఉందని చూపిస్తే సరిపోతుందా? అది శక్తి ఇస్తోందని ఎలా తెలుస్తుంది? పక్కనే ఊరకే ఉందేమో? ఇక్కడ రంగంలోకి వచ్చింది ఇన్‌హిబిటర్.

ఆపి చూస్తేనే తెలుస్తుంది

ఇన్‌హిబిటర్ అంటే అడ్డుకునే రసాయనం. కణంలో ఒక ప్రోటీన్ చేసే పనిని మాత్రమే ఆపేసి, మిగతాది ఎలా నడుస్తుందో చూడటానికి వాడతారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది కొత్త కాదు. ఒక యాప్ ఏ సర్వీస్ మీద ఆధారపడి నడుస్తోందో అనుమానంగా ఉంటే ఏం చేస్తారు? టెస్ట్ సర్వర్‌లో ఆ ఒక్క సర్వీస్‌ను ఆపి చూస్తారు. యాప్ పడిపోతే దానితో పని ఉన్నట్టు. నడుస్తూనే ఉంటే శక్తి ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు.

1920ల్లో కండరం మీద రాజ్యమేలుతున్న సిద్ధాంతం వేరు. చక్కెర విరిగి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది అని నమ్మేవారు. ఆ దిశలో పనిచేసిన ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. అలాంటి సిద్ధాంతాన్ని కదిలించడం చిన్న సంగతి కాదు.

కదిలించింది ఐనార్ లుండ్స్‌గార్డ్ అనే డేనిష్ శాస్త్రవేత్త. 1930లో ఆయన కండరానికి అయడోఎసిటిక్ ఆమ్లం ఇచ్చారు. అది చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారే దారిని మధ్యలో మూసేస్తుంది. పాత సిద్ధాంతం నిజమైతే ఆ కండరం అసలు కదలకూడదు. కానీ కదిలింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే చాలాసార్లు ముడుచుకుంది. ఆ తర్వాత బిగుసుకుపోయింది. లోపల ఏం ఖర్చయిందని చూస్తే ఫాస్ఫోక్రియేటిన్. అది ఉన్నంతసేపూ కండరం పనిచేసింది, అయిపోగానే ఆగిపోయింది. బోస్టన్‌లో ఆలస్యంగా వచ్చిన రంగు వెనక దాగిన పదార్థమే కండరాన్ని నడిపిస్తోందని కోపెన్‌హాగన్‌లో ఒక ఇన్‌హిబిటర్ చూపించింది. ఆ తర్వాత హిల్ తానే ఈ మార్పును కండర శాస్త్రంలో విప్లవంగా వర్ణిస్తూ వ్యాసం రాశారు. నోబెల్ తెచ్చిపెట్టిన సిద్ధాంతాన్ని సాక్ష్యం చూసి వదులుకున్న ఆయన పెద్దరికాన్ని కూడా మెచ్చుకోవాలి.

ఏటీపీకి రుజువు ఇంకా ఆలస్యమైంది. కండరంలో ఏటీపీ ఖర్చవుతున్నట్టు కొలతలో కనిపించేది కాదు. ఎందుకంటే ఖర్చయిన మరుక్షణమే ఫాస్ఫోక్రియేటిన్ దాన్ని మళ్లీ నింపేస్తుంది. నెల జీతం ఖర్చవుతున్నా ఇంటి నుంచి డబ్బు పడుతూ ఉంటే అకౌంట్ బ్యాలెన్స్ తగ్గినట్టు కనిపించదు కదా, అలాగన్నమాట. 1962లో కెయిన్, డేవిస్ అనే ఇద్దరు ఆ ఇంటి డబ్బును ఆపేశారు. ఫ్లోరో డైనైట్రో బెంజీన్ అనే రసాయనంతో కప్ప కండరంలోని క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకున్నారు. ఫాస్ఫోక్రియేటిన్ నుంచి ఏటీపీని నింపేది ఆ ఎంజైమే. ఇప్పుడు కండరం ఒక్కసారి ముడుచుకోగానే ఏటీపీ తగ్గడం స్పష్టంగా కనిపించింది. అప్పటికి సుబ్బారావు పోయి 14 ఏళ్లయింది.

హార్వర్డ్ ఇవ్వనిది

1930లో ఆయనకు హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ లాంటివి చేతిలో ఉన్న మనిషికి ఆ తర్వాత రెగ్యులర్ ఫ్యాకల్టీ పోస్టు వచ్చి ఉండాలి. రాలేదు. 1940 దాకా అక్కడే కింది హోదాల్లో పనిచేశారు. కాలేయంలోని విటమిన్ల వెంట పడ్డారు. ఫిస్కె పదోన్నతి విషయం వచ్చినప్పుడు సుబ్బారావు తన వాటాను తక్కువ చేసి చెప్పుకున్నారని జీవిత చరిత్రకారులు రాశారు. తర్వాతి రోజుల్లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అయితే, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్కె అసూయ వల్ల అప్పట్లో వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని చెప్పారు.

దీన్ని మీ ముందు తీపి పూత పూసి పెట్టడం నాకిష్టం లేదు. కష్టపడితే గుర్తింపు దానంతటదే వస్తుందని ఈ పేజీల్లో చాలాసార్లు చదివి ఉంటారు. సుబ్బారావు జీవితం ఆ మాటకు సాక్ష్యం కాదు. మొహమాటంతో ఆయన వదులుకున్న గుర్తింపు మళ్లీ ఆయన బతికుండగా పూర్తిగా రాలేదు. మీరు చేసిన పని మీదే అని మర్యాదగా, స్పష్టంగా చెప్పడం గర్వం కాదు. రికార్డులో పేరు సరిగా ఉండేలా చూసుకోవడం కూడా పనిలో భాగమే.

ఇంకో వైపు ఇల్లు. రెండు మూడేళ్లలో తిరిగొస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఆయన గొప్పతనానికి ఖరీదు కట్టింది ఆయన ఒక్కరే కాదు. విదేశీ చదువుల ప్లాన్లు వేసుకునేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన రాసుకోవాలి.

ఈసారి ఆపింది ఆయనే

1940లో, 45 ఏళ్ల వయసులో, ఆయన ఉద్యోగం మారారు. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగం అసోసియేట్ డైరెక్టర్‌గా చేరి, తర్వాత డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ ఇవ్వని జట్టును, పరికరాలను కంపెనీ ఇచ్చింది.

ఆయన జట్టు 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. కొన్నిరకాల రక్తహీనతకు అది పనిచేసింది. ఇంకో జబ్బుకు కూడా పనిచేసింది, ఆయన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు. పాతికేళ్ల కిందట మద్రాసులో లేని మందు అది.

అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ పిల్లలను చూస్తున్నారు. ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా పెరుగుతున్నట్టు అనిపించింది. అంటే క్యాన్సర్ కణాలకు అది బలమిస్తోంది. కణం విడిపోవాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి ఆ దారినే మూసేస్తే?

ఇప్పుడు కండరం కథ గుర్తు చేసుకోండి. లుండ్స్‌గార్డ్ ఒక దారిని మూసింది తెలుసుకోవడానికి. సుబ్బారావు జట్టు మూసింది బతికించడానికి. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక చోట ఉండే హైడ్రాక్సిల్ బదులు అమైనో గ్రూపు పెట్టి అమైనోప్టెరిన్ తయారుచేశారు. చూడటానికి అసలు తాళంచెవిలా ఉంటుంది, తాళంలోకి దూరుతుంది, కానీ తిరగదు. పైగా అసలు చెవిని దూరనివ్వదు. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని వాడటం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో వచ్చిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని రాశారు. తాత్కాలికంగా మాత్రమే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. కానీ అప్పటిదాకా ఆ పిల్లలకు ఇవ్వడానికి డాక్టర్ల దగ్గర ఏమీ ఉండేది కాదు. దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు.

మొదట్లో ఆపిన జాబితా ఇప్పుడు పూర్తి చేద్దాం. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్‌ను ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. ఫైలేరియా మందు హెట్రజాన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. మీ అమ్మగారో అమ్మమ్మగారో దాన్ని మింగే ఉంటారు, ఆయన పేరు తెలియకుండానే.

ఆ నివేదిక వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన గుండె ఆగింది. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే వెళ్లిపోయారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇవాళ్టి ల్యాబ్‌లో

ఆపి చూసే పద్ధతి ఇప్పుడు ఎంత సూక్ష్మంగా మారిందో ఒక ఉదాహరణ చెబుతాను. కండరం పుట్టేటప్పుడు చిన్నచిన్న కణాలు వరుసలో నిలబడి, ఒకదానికొకటి అతుక్కుని, కలిసిపోయి పొడవాటి పోగులవుతాయి. అతుక్కోవడానికి వాటి పైపొర మీద క్యాడ్‌హెరిన్, ఇంటెగ్రిన్ లాంటి ప్రోటీన్లు ఉంటాయి. ఏ ప్రోటీన్ ఏ దశలో అవసరమో ఎలా తెలుస్తుంది? మళ్లీ అదే, ఆపి చూడాలి. క్యాడ్‌హెరిన్ పట్టుకు కాల్షియం కావాలి. కాల్షియం తీసేస్తే పట్టు వదులుతుంది. కానీ కణంలో ఇంకా ఎన్నో పనులకు కాల్షియం కావాలి కదా. అప్పుడు ఆగింది దేనివల్లో చెప్పలేం. అందుకే ఒక్క ప్రోటీన్‌కే అడ్డుపడే యాంటీబాడీలు, చిన్న పెప్టైడ్లు వాడతారు.

ముడుచుకునే దశకు వస్తే బ్లెబ్బిస్టాటిన్ అనే ఇన్‌హిబిటర్ ఉంది. 2003లో వెలుగులోకి వచ్చింది. కండరాన్ని లాగే మయోసిన్ ప్రోటీన్‌ను అది అడ్డుకుంటుంది. దీంతో ఒక తమాషా చిక్కు ఉంది. నీలి కాంతి పడితే అది పాడైపోతుంది. మైక్రోస్కోప్ లైటు సంగతి చూసుకోకుండా ప్రయోగం చేస్తే మీరు చూస్తున్నది మందు ప్రభావమో, పాడైన మందు ప్రభావమో తెలియదు. అందుకే మంచి ల్యాబ్‌లు ఒక్క ఇన్‌హిబిటర్ ఫలితాన్ని నమ్మవు. డోసు మార్చి చూస్తాయి, కడిగేశాక పని తిరిగొచ్చిందా అని చూస్తాయి, వేరే రసాయనంతోనూ అదే ఫలితం వస్తుందా అని చూస్తాయి. డీబగ్గింగ్ తెలిసినవాళ్లకు ఇది పరిచయమైన క్రమశిక్షణే.

మీకు ఇందులో ఉద్యోగం ఉంది

బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ చదువుతున్నవాళ్లు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ వైపు చూస్తుంటారు. అక్కడ కొత్త మందు కనుక్కునేవాళ్ల కన్నా ఎక్కువమంది చేసే పని మరొకటి ఉంది. ఒక పదార్థం ఎంత ఉందో, ఒక ఎంజైమ్ ఎంత ఆగిందో నమ్మకంగా కొలిచే పరీక్షలు తయారుచేయడం, సరిచూడటం. అస్సే డెవలప్‌మెంట్, మెథడ్ వ్యాలిడేషన్, క్వాలిటీ కంట్రోల్ అని పోస్టుల పేర్లు ఉంటాయి. వినడానికి గ్లామర్ లేదు. 1925లో సుబ్బారావు చేసిందీ సరిగ్గా అదే పని.

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు మీ ప్రాజెక్టు రిపోర్టు తెరిచి రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, మీరు రాసిన ఫలితాన్ని మీరు పక్కన లేకుండా ఇంకొకరు అదే పద్ధతిలో రాబట్టగలరా? వాడిన రసాయనాల గాఢత, టైమ్, కంట్రోల్ అన్నీ అందులో ఉన్నాయా? కోడింగ్ ప్రాజెక్టు అయితే వేరే ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా? రెండు, మీ డేటాలో సరిగా రాలేదని కొట్టేసిన రీడింగ్ ఏదైనా ఉందా? ఉంటే ఎందుకు అలా వచ్చిందో ఒక పేజీ రాసి చూడండి. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ఆ పేజీ గురించి ఎక్కువసేపు మాట్లాడగలుగుతారు.

సుబ్బారావుకు డిగ్రీ విషయంలో, పోస్టు విషయంలో, పేరు విషయంలో అన్యాయం జరిగింది. ఆయన మాటను జనం నమ్మడానికి కారణం వాటిల్లో ఏదీ కాదు. ఆయన చెప్పినదాన్ని కోపెన్‌హాగన్‌లోని మనిషి, తర్వాతి తరం మనిషి, ఆయన్ను ఎప్పుడూ చూడని మనిషి తమ చేతులతో చేసి చూడగలిగారు. అందరికీ అదే నీలిరంగు వచ్చింది.